ఇంటి లోడు

కార్ల కంపెనీ తన కొత్త ఇంజన్ కోసం తయారుచేసిన వాల్వ్ టైమింగ్ పద్ధతిని, మనిషి గుండెకూ నాలుగు వాల్వులే ఉన్నాయన్న కారణంతో, ముందుగా డిజైన్ విభాగం ఉద్యోగుల గుండెలకు అమర్చింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. క్యాంటీన్‌లో ఆ రోజు సేమ్యా పాయసం పెట్టారు.

పద్ధతి సులువైనదే. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు వాల్వు కొంచెమే, కాసేపే తెరుచుకుంటుంది. పెట్రోలు ఆదా. వేగం పెరగగానే వాల్వును ఎత్తే పెద్ద క్యామ్ పని అందుకుంటుంది, వాల్వు పూర్తిగా లేస్తుంది. ఎంత లోడుకు, అంటే ఎంత భారానికి, ఎంత లేవాలో ముందే కొలిచి పెట్టాలి. ఇంజనీరు కుళ్లాయప్ప గుండెను ఆఫీసులో కొలిచినప్పుడు మేనేజరు సదానందం గారి రివ్యూ మీటింగు నడుస్తోంది. ఇంట్లో కొలవడానికి ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. అప్పటికతను కడుపునిండా రాగిసంగటి, కోడికూర తిని చాప మీద గురక పెడుతున్నాడు. ఆ గురకనే ఇంటి లోడుగా ఖాయం చేశారు. అంతంత చదువులు చదివినవాళ్లు, మనిషిని ఒకసారి లేపి చూడొచ్చు కదా. నిద్రపోయేవాణ్ణి లేపడం మర్యాద కాదనుకున్నారు.

అప్పటినుంచి కుళ్లాయప్పకు అంతా అయోమయం. ఫ్యాక్టరీలో ఒక బోల్టు వదులైందంటే కళ్లు చెమర్చేవి. ఇంటికొస్తే భార్య నాగవేణి మాటలు వినిపించేవి, అర్థమయ్యేవి, అంతకుమించి ఏమీ అనిపించేది కాదు.

వానాకాలంలో తొమ్మిదేళ్ల కూతురు హిమజకు డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు రాత్రి గడిస్తే గాని చెప్పలేమన్నాడు.

"ఏంది, అట్ల నిలబడినావు? పాప ఒళ్లు కాలిపోతాంది, చెయ్యన్నా పట్టుకో!" అంది నాగవేణి.

"పట్టుకునే ఉండా. నాకేమీ అనిపించడంల్యా."

భయపడాలని అతనికి తెలుసు. భయం రాకపోవడమే అర్థం కాలేదు. అంతలో ఫోను మోగింది.

"కుళ్లాయప్పా, ఆ క్యామ్ శబ్దం సంగతి ఏం చేశావయ్యా?" అన్నారు సదానందం గారు.

నాలుగు వాల్వులూ పూర్తిగా లేచాయి. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కుళ్లాయప్ప బిడ్డ పాదాలు పట్టుకుని బావురుమన్నాడు. క్యామ్ మీద ఆ శ్రద్ధకు సదానందం గారు మెచ్చుకుని ఫోను పెట్టేశారు. వాల్వులు దిగిపోయాయి. తన మొహం ఎందుకు తడిసిందని కుళ్లాయప్ప భార్యను అడిగాడు. నాగవేణి కొంగుతో అతని మొహం తుడిచింది. మంచం మీద హిమజ మాత్రం కళ్లు సగం తెరిచి నాన్ననే చూస్తోంది.

పిల్ల కోలుకుంది. ఇంటి లోడు మళ్లీ కొలవమని కుళ్లాయప్ప విభాగాన్ని అడిగాడు. కొత్త మోడల్ వచ్చేదాకా కుదరదన్నారు. ఇంటి దగ్గర ఇంత ఆదా చేసినవాడు మరొకడు లేడని అతని ఫోటో నోటీసు బోర్డు మీద పెట్టారు.

ఒక సాయంత్రం హిమజ బడి నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా, టీవీ చూస్తున్న నాన్న ఎదుట నిలబడి గొంతు బొంగురు చేసింది.

"ఏమయ్యా కుళ్లాయప్పా! టెస్ట్ రిపోర్టు ఎక్కడ?"

కుళ్లాయప్ప దిగ్గున లేచాడు. కూతుర్ని గుండెకు హత్తుకున్నాడు. "నీకేమైనా అయ్యింటే నేనేమైపోదును సార్" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఇంగొంచేపు తిట్టు పాపా" అంది నాగవేణి వంటింటి గుమ్మంలో నిలబడి.

హిమజ నాన్న మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల పెట్టుకుని, ఈ నెల ఉత్పత్తి ఎందుకు తగ్గిందో చెప్పమని గద్దిస్తూనే ఉంది.