సీటు కింద స్ప్రింగు

ఆ పొద్దున పరశురాములు పెట్టుకున్న పని చిన్నదే. ఆత్మకూర్ బస్టాండు ఎదుట ఉన్న తన సైకిల్ షాపుకు కొత్త బోర్డు కట్టాలి, కింద నిలబడి తనివితీరా చూసుకోవాలి. "గుంతలకు జడవని స్ప్రింగు సీటు. కనిపెట్టినవారు: పరశురాములు. పేటెంటుకు దరఖాస్తు చేయబడినది" అని రాయించాడు. పేటెంటు వస్తే తయారీ హక్కులు కొంటామని హైదరాబాదు కంపెనీవాళ్లు మాటిచ్చి, సీటుకు నాలుగువైపులా ఫోటోలు తీసుకుని వెళ్లారు.

నిచ్చెన దిగేసరికి పక్క సైకిల్ షాపు ఫహీం చాయ్ గ్లాసుతో బోర్డు చదువుతున్నాడు. ఇద్దరూ చిన్ననాటి దోస్తులు. సీటు కింద మోపెడ్ స్ప్రింగు పెట్టింది పరశురాములే. కూర్చునేవాడి బరువును బట్టి దాన్ని బిగించేందుకు నట్టు అమర్చింది మాత్రం ఫహీం.

"స్ప్రింగు నీదే భాయ్. నట్టు ఎవలిది?"

"నట్టు ఏ దుకాన్లనైనా దొర్కుతది. గది గూడ కనిపెట్టుడేనా?" అన్నాడు పరశురాములు.

"గట్లయితే స్ప్రింగు ఏమన్న నీ పొలంల పండిందా?"

ఫహీం చాయ్ సగంలోనే పారబోసి వెళ్లిపోయాడు. ఆ సీటు తనదని, పరశురాములుకు పేటెంటు ఇవ్వొద్దని ఆఫీసుకు అభ్యంతరం పంపాడు.

పరశురాములు లాయరు రామచంద్రం దగ్గరికి పరుగెత్తాడు. ఆయన పొలం గెట్ల తగాదాలు తప్ప వేరే కేసు ఎరగడు. ఎరగనని చెప్పే అలవాటు అంతకన్నా లేదు.

"గిది భూమి కేసు లెక్కనే. పాత కబ్జా ఎవలిదైతే గెలుపు వాళ్లదే. ఎప్పటి సంది బిగిస్తున్నవో సాక్షులను పట్టుకరా."

పరశురాములు ఊరి మీద పడ్డాడు. పాలమ్మే గుర్వమ్మ తెలంగాణ వచ్చిన ఏడే ఆ సీటు ఎక్కానంది. అది విని ఫహీం, ఆటో నడిపే సర్దార్‌ను తెచ్చాడు. తన పెండ్లి బరాత్‌కు ఆ సీటు మీదే వెళ్లానని సర్దార్ చెప్పాడు. అతనికిప్పుడు పెళ్లీడు కూతురుంది. నిజానికి ఆ సీటుకు ఇంకా తుప్పు పట్టే వయసైనా రాలేదు.

"ఇద్దరి పేర్లు కలిపి పెట్టుకుంటే ఏమైతది?" అంది పరశురాములు భార్య రూప.

"నీకు గీ సంగతులు తెల్వయి."

"నట్టు లేని స్ప్రింగు ఎగిరి పడ్తదని మాత్రం తెలుసు."

విచారణ రామచంద్రం ఆఫీసులో, దోస్తులిద్దరూ ఒకే లాప్‌టాప్ తెర ముందు కూర్చోగా జరిగింది. అవతల చెన్నై పేటెంటు ఆఫీసులో తెలుగు వచ్చిన అధికారి కూర్చున్నాడు.

"దరఖాస్తుకు ముందు ఈ సీటు ఎవరికైనా బిగించారా?"

"ఎవలికైనా ఏంది సార్!" అని పరశురాములు ఛాతీ విరిచాడు. "ఆత్మకూరంత నా స్ప్రింగు మీదనే కూసుంటది. రాష్ట్రం రాకముందు సంది!"

ఫహీం ఆగలేకపోయాడు. "గంతకన్న ముందే మా అబ్బాజాన్ బిగించిండు సార్. నడిబజార్ల, అందరు సూస్తుండంగ!"

"అంటే ఈ సీటు ఎప్పటినుంచో ఊరందరికీ తెలుసు. ఇందులో మీ ఇద్దరికీ భేదాభిప్రాయం లేదు కదా?"

"లేదు సార్!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

"దరఖాస్తుకు ముందే ఊరందరూ వాడుతున్నదానికి పేటెంటు రాదు. దీన్ని ఇక ఎవరైనా చేసుకోవచ్చు. దరఖాస్తు తిరస్కరిస్తున్నాను."

తెర నల్లబడింది. పరశురాములు ముఖం కూడా.

"మనం గెల్సినట్టే. అవతలోనికి గూడ రాలే" అన్నాడు రామచంద్రం.

మెట్ల మీద కూలబడి పరశురాములు కంపెనీకి ఫోన్ చేశాడు. "ఎవరైనా చేసుకోవచ్చా? చాలా సంతోషమండీ" అని వాళ్లు ఎంతో మర్యాదగా పెట్టేశారు. ఫహీం వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నట్టు నీదే ఫహీం" అన్నాడు పరశురాములు, నేల చూస్తూ.

"ఇప్పుడు అందరిది భాయ్."

వానలు వెలిసేసరికి కంపెనీ సీట్లు బజారులోకి దిగాయి. అదే స్ప్రింగు, అదే నట్టు. ఇద్దరు దోస్తులూ వాటినే తమ షాపుల్లో అమ్మకానికి పెట్టారు. ప్రతి అట్టపెట్టె మీదా ఎర్రటి అక్షరాలతో "నకిలీలతో జాగ్రత్త" అని రాసి ఉంది.