ఈల అందినట్టు రసీదు

ఆ కంపెనీలో ఉద్యోగి తన అభిరుచిని ఫారంలో రాసిచ్చిన రెండు పని దినాలకు అది అతని ఒంట్లోంచి వచ్చేసి, పదకొండో అంతస్తులోని ఇనుప బీరువాలో చేరుతుంది. నొప్పి ఉండదు. రసీదు ఇస్తారు.

నానక్‌రామ్‌గూడలోని ఆ ఫైనాన్స్ కంపెనీ ప్రతి నెలా 'మనవాళ్లను తెలుసుకుందాం' అని ఒక పేజీ వేస్తుంది. ఒక యువ ఉద్యోగిని ఎంచి, ఖాళీ వేళల్లో ఏం చేస్తారు, మీకు ప్రేరణ ఎవరు అని అడుగుతుంది. తెలివైనవాళ్లు పుస్తకాలు, ప్రయాణాలు, క్రికెట్ అని రాసేవారు. వాళ్ల దగ్గర అవి మొదటినుంచీ లేవు కాబట్టి పోయిందేమీ లేదు. ప్రేరణ గడిలో అందరూ ఒకే పారిశ్రామికవేత్త పేరు రాసేవారు. ఆయనకు బీరువాలో విడిగా ఒక అర ఉంది.

నీలవేణికి ఇరవయ్యారేళ్లు. అప్పు అడిగే సంస్థలు చెప్పేదాంట్లో నిజమెంతో తేల్చడం ఆమె ఉద్యోగం. రోజంతా ఇతరుల ఫారాల్లో అబద్ధాలు పట్టుకునే మనిషి తన ఫారంలో అబద్ధం రాయలేకపోయింది. అభిరుచి: ఈల వేయడం. ప్రేరణ: మా దమయంతి పిన్ని. ఎందుకు అన్న గడిలో చిన్న అక్షరాలతో ఇరికించి మరీ రాసింది. పిన్ని గోదావరి జిల్లాలో బస్సు కండక్టరు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే విజిల్ ఎక్కడో పడిపోతే, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసి బస్సు కదిలించింది. ఆడది ఈల వేయడమేమిటని ఊరంతా బుగ్గలు నొక్కుకుంటే, ఆ సాయంత్రమే పదేళ్ల నీలవేణిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది.

మూడో రోజు లిఫ్టు దగ్గర నీలవేణి ఈల వేయబోతే ఉత్త గాలి వచ్చింది. రసీదు అప్పటికే మెయిల్లో ఉంది: ఈల, ఒకటి, మంచి స్థితిలో.

ఆ మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది.

"ఏవే నీలా, పొద్దుట్నుంచీ నాకు ఈల పలకట్లేదు. డిపోలో ఇచ్చిన విజిల్ ఊదినా గాలే వస్తంది. ఎక్కడన్నా నా పేరు రాసిచ్చేవా?"

ప్రేరణగా పేర్కొన్న వ్యక్తి దగ్గరున్న అసలు ప్రతిని కూడా జత చేసుకుంటారని ఫారం వెనక ఉంది. ఇతరుల ఫారాలైతే నీలవేణి వెనక కూడా చదివేది.

పిన్ని చప్పట్లు కొట్టి బస్సు కదిలించసాగింది. చప్పట్లకు బస్సు కదలాలని ఏ నిబంధనలోనూ లేదని రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే బస్సు దించి డిపోలో కూర్చోబెడతారు. పదహారేళ్లుగా నిలబడి ప్రయాణం చేసిన మనిషికి అంతకన్నా శిక్ష లేదు.

"నేను తెచ్చిస్తాను పిన్నీ. నువ్వు బస్సు దిగకు," అంది నీలవేణి.

మర్నాటి నుంచి రోజూ తొమ్మిదింబావుకు ఆమె బీరువా అధికారి ఫణిభూషణ్ ఎదుట కూర్చుంది. ఆయన నెమ్మదస్తుడు. ఒకప్పుడు మేడమీద మల్లెలు పెంచేవాడట, ఇచ్చేసి తొమ్మిదేళ్లయింది. అంతే బరువున్న మరో అభిరుచి ఇస్తే తప్ప ఈల తిరిగి రాదని ఆయన వివరించాడు. నీలవేణి చదరంగం నేర్చుకుంది, తూగలేదు. అల్లికలు నేర్చుకుంది, తూకం ముల్లు కదలనే లేదు. నూటపన్నెండు పేజీల నిబంధనలు చదివింది, పైవాళ్లకు ఏడు అర్జీలు పెట్టింది. ఫైలు ముంబైలో ఉందన్న రోజున కూడా వచ్చి కూర్చుంది. మొండిఘటం. చూస్తుంటే ముచ్చటేసేది.

నలభై ఒకటో రోజున ఫణిభూషణ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ దగ్గర ఇంకోటి ఉంది మేడమ్. నలభై రోజులు దాటి రోజూ చేసే పని ఏదైనా మా లెక్కలో అభిరుచే. మీ పట్టుదల రాసివ్వండి. ఎక్కువే తూగుతుంది."

నీలవేణి ఈసారి ఫారం వెనక కూడా రెండుసార్లు చదివింది. ప్రేరణ గడిని అడ్డంగా కొట్టేసింది. సంతకం చేస్తుంటే గెలిచానన్న సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చింది.

రెండు పని దినాలకు సీలు వేసిన కవరు ఆమె బల్ల మీదికి వచ్చింది. విప్పి, లోపలి కాగితం మీద సంతకం చేసి పంపితే చాలు, పిన్ని ఈల కూడా పిన్నికి వెళ్లిపోతుంది. అరనిమిషం పని. ఆ రోజు రెండు మీటింగులు ఉన్నాయి. రేపు చూద్దాంలే అనుకుంది.

ఆ నెల పేజీలో నవ్వుతున్న ఫొటో కింద ఆమె మొదటి ఫారంలోని అభిరుచి, ప్రేరణ అచ్చయ్యాయి. అందరూ అభినందించారు. కవరు రెండో సొరుగులోకి వెళ్లింది. ఆ అంతస్తులో చాలామంది రెండో సొరుగుల్లో అలాంటి కవరొకటి ఉంటుంది. వాటి సంగతి ఎవరూ ఎత్తరు. వచ్చే ఆదివారం ఏం చేయాలో మాత్రం చెప్పుకుంటారు.

మూడో మెమో వచ్చాక పిన్ని డిపో కిటికీ దగ్గర కూర్చుంటోంది. నిన్న ఫోన్ చేసింది.

"కవరు ఇప్పేవా అమ్మా?"

"ఈ ఆదివారం తప్పకుండా పిన్నీ."

"సర్లే. నీకూ పనుంటది కదా."

ఆవిడ వెనక ఎవరో విజిల్ ఊదారు, బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. నీలవేణి సొరుగు తెరిచి, కవరు పక్కకు జరిపి, స్టేప్లరు తీసుకుంది.