నట్టింట్లో జామచెట్టు

ఏడూ ఇరవైకి ముహూర్తం. ముందు ఆవు గడప దాటాలి, దాని వెనక దంపతులు దాటాలి, పొయ్యి మీద పాలు పొంగాలి, తొమ్మిది కొట్టేసరికి వచ్చినవాళ్ళ ముందు ఇడ్లీలు ఉండాలి. గృహప్రవేశం గురించి మునిలక్ష్మి అనుకున్నది ఇంతే. సత్యవేడు దాటాక మామిడితోట అంచున కట్టిన ఆ కొత్త ఇంటికి సాయంత్రం దాకా ఎవరూ వంక పెట్టకుండా ఉంటే చాలని ఆమె తెల్లవారకముందే తలకు పోసుకుని దేవుడికి దండం పెట్టుకుంది.

వంక పెట్టాలనుకున్నవాళ్ళకు ఆ ఇంట్లో వంకలకు కొరత లేదు. స్థలం మధ్యలో ఒక జామచెట్టు ఉండేది. ప్లాను గీసిన రఘునాథ్ అనే కుర్ర ఇంజనీరుకు దాన్ని కొట్టడానికి మనసు రాలేదు. చెట్టును అలాగే ఉంచి, దాని చుట్టూ ఇల్లు గీసేశాడు. హాలుకూ వంటింటికీ నడుమ పదడుగుల చదరం మట్టి, అందులో జామచెట్టు, నాలుగు కనకాంబరం మొక్కలు. పైన స్లాబు లేదు, ఇనుప కమ్ములు, వాటి మీద ఆకాశం. హాలు వెనక వైపు గోడకు బదులు నేల నుంచి పైదాకా ఒకే అద్దం. అందులోంచి చూస్తే మామిడితోట ఇంట్లోకి నడిచి వస్తున్నట్టు ఉంటుంది.

పాత ఇంట్లో మునిలక్ష్మి పందొమ్మిదేళ్ళు పట్టపగలు బల్బు వేసుకుని వంట చేసింది. కరెంటు పోతే బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరేది. కొత్త వంటింట్లో మొదటిసారి నిలబడ్డప్పుడు జామాకుల నీడ వచ్చి ఆమె చేతుల మీద కదిలింది. ఆమె అరగంట అక్కడే నిలబడిపోయింది.

ఆమె భర్త ఏకాంబరానికి దేవకమ్మ అని ఒక అక్క. రెండు రోజుల ముందే తడ నుంచి వచ్చి, నట్టింట్లో నిలబడి పైకి చూసింది.

"నడీంట్లో ఇంత బొక్క పెట్టుకోని సంసారం సేస్తారంట్రా ఎవురైనా? వానొస్తే?"

"మట్టిలో ఇంకిపోతాదక్కా. కాలవ కూడా తీసుండాం."

"దొంగొస్తే?"

"కమ్ములేసినాం గదక్కా."

"దయ్యమొస్తే?"

దానికి ప్లానులో జవాబు లేదు. ఏకాంబరం తల గోక్కున్నాడు. అక్క మాటకు ఎదురు చెప్పే అలవాటు అతనికి పుట్టుకతోనే రాలేదు. చివరికి ఒప్పందం కుదిరింది. కార్యం ఏ ఒడిదుడుకూ లేకుండా జరిగితే ఆకాశం ఉంటుంది. చిన్న అపశకునం జరిగినా మర్నాడే జానీ బాషా మేస్త్రి రేకులు పరిచి మూసేస్తాడు. ఆ రేకులు అప్పుడే తెచ్చి ప్రహరీ గోడకు ఆనించారు. పాలగిన్నె కడుగుతూ మునిలక్ష్మి వాటివైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడింది.

ముహూర్తానికి కుప్పమ్మ తన ఆవును తోలుకొచ్చింది. ఆవు బొట్టుతో, పూలదండతో బుద్ధిగా గడప దాటింది. హాలు దాటింది. ఎదురుగా మట్టీ పచ్చదనమూ కనబడేసరికి నేరుగా అక్కడికి వెళ్ళి నిలబడింది. పలుపు పట్టుకుని వెనకే వచ్చిన కుప్పమ్మ పైకి చూస్తే ఆకాశం, కిందికి చూస్తే మట్టి, ఎదురుగా చెట్టు. ఆ చుట్టుపక్కల ఎక్కడైనా ఆవు వీధివాకిట్లోంచి వచ్చి పెరట్లోకి పోతే దాని పని అయిపోయినట్టే. ఆమె పలుపును జామచెట్టుకు కట్టి, టిఫిను ఎక్కడ పెడుతున్నారో కనుక్కోవడానికి వెళ్ళింది.

"ఆవు బయటికి పోయిందామ్మా?" అని అయ్యవారు అడిగాడు.

"పోయింది సామీ. పెరట్లో కట్టేసినా."

అయ్యవారు మంత్రాలు అందుకున్నాడు. పాలు తూర్పు వైపుకే పొంగాయి. మునిలక్ష్మి ఊపిరి పీల్చుకుంది.

అంతలో చుట్టాలు దిగారు. హాలులో అడుగుపెట్టగానే వాళ్ళకు ముందు కనబడేది చెట్టుకు కట్టిన ఆవు. ఆవు, మట్టి, ఆకాశం ఉన్నచోట ఇల్లు ఇంకా మొదలుకాలేదని అందరూ ఒకే మాటగా అనుకున్నారు. చెప్పులతోనే హాలు దాటి, మట్టి అంచున వరసగా విడిచారు. టిఫిను అయినవాళ్ళు జామచెట్టు మొదట్లో చేతులు కడిగి పుక్కిలించారు. ఒకాయన ఎంగిలి ఆకులు పోగుచేసి తెచ్చి ఆవు ముందు వేశాడు.

మునిలక్ష్మి కూతురు భానుశ్రీ అక్కడే నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకూ "ఇది లోపలేనండీ" అని చెబుతూనే ఉంది. పదిమందిలో ఆ పిల్ల మాట పెదవి దాటదు. ఒక పెద్దాయన మాత్రం ఏదో అంటోందని గమనించి, "నీళ్ళు సాలమ్మా, సేతులు కడుక్కున్నా" అన్నాడు.

తర్వాత హారతి. దేవకమ్మ పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు ఇత్తడి పళ్ళెంలో పట్టుకుని, తమ్ముడికీ మరదలికీ మూడుసార్లు దిష్టి తీసింది. ఆ నీళ్ళు ఇంటి బయట పారబోయాలి. వీధివైపు జనం. వెనకవైపు చూస్తే మామిడితోట నాలుగడుగుల దూరంలో ఉంది.

ముందురోజు భానుశ్రీ ఆ అద్దాన్ని తడిపిన న్యూస్‌పేపరుతో మధ్యాహ్నమంతా రుద్దింది. ఇంట్లో తను ఒక్కతే చేసిన పని అదొక్కటే. ఎంత బాగా చేసిందంటే అక్కడ అద్దం ఉన్నట్టే లేదు.

"అత్తా, ఆడ..." అని ఆ పిల్ల గొంతు పెగిలేసరికి దేవకమ్మ పళ్ళెం విసురుగా ఊపనే ఊపింది.

అద్దం ఒక్క చుక్క కూడా తన దగ్గర ఉంచుకోలేదు. నీళ్ళన్నీ దేవకమ్మ గంధంరంగు పట్టుచీర మీదికీ, వెనక నిలబడ్డ ఏకాంబరం పంచె మీదికీ వచ్చాయి. పళ్ళెం జారి నేల మీద గింగిరాలు తిరిగింది. ఆ మోతకు ఆవు బెదిరి పలుపు తెంపుకుంది. నలభై జతల చెప్పులను హాలంతా చెదరగొట్టి, తోట కనబడుతోంది కదా అని అద్దం దాకా పోయి, ముక్కు తగిలాక ఆలోచనలో పడి, గ్రానైటు బండల మీద పేడ వేసింది.

"శుభం. కొత్తింట్లో ఆవు పేడ ఏస్తే లక్ష్మి వచ్చినట్టే," అన్నాడు అయ్యవారు, కాలు పక్కకు జరుపుకుంటూ.

"లక్ష్మి సంగతి తరవాత," అంది దేవకమ్మ, చీర పిండుకుంటూ. "తీసిన దిష్టి తిరిగి ఇంట్లోకే వచ్చినాది. ఇంతకన్నా ఏం కావాల్రా నీకు?"

ఏకాంబరం, భార్య ముఖం చూడకుండా, మేస్త్రిని పిలిచాడు. "జానీ బాషా, రేపు గాదు. ఈ పొద్దే మూసేయప్పా."

మేస్త్రి జామచెట్టు వంకా మునిలక్ష్మి వంకా చూశాడు. ఆ చెట్టు వేరు తెగకుండా పునాది తీయడానికి అతను వారం రోజులు కష్టపడ్డాడు. "అన్నం తినేసి ఏస్తానన్నా. ఖాళీ కడుపుతో నిచ్చెన ఎక్కలేను," అన్నాడు.

భానుశ్రీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను అంత తుడవకుండా ఉండాల్సిందిమా."

"నువ్వు మంచిగా సేసినావులే," అని మునిలక్ష్మి కూతురి తల నిమిరి, తన మెత్తటి నూలుచీర తీసుకుని ఆడబిడ్డ దగ్గరకు వెళ్ళింది. "రా వొదినా, నీళ్ళు పోసుకుందువు."

కాగిన నీళ్ళన్నీ వంటవాళ్ళు వాడేశారు. మాఘమాసం చన్నీళ్ళు పోసుకుని దేవకమ్మ గజగజ వణుకుతూ బయటికి వచ్చింది. ఎండలో కూర్చుందామంటే వీధిలో మగవాళ్ళు, తోటలో వంటవాళ్ళు. తడిజుట్టు విరబోసుకుని అందరి ఎదుటా ఎట్లా కూర్చుంటుంది? మునిలక్ష్మి ఒక కుర్చీ తెచ్చి జామచెట్టు పక్కన వేసింది.

"ఈడ ఎవురూ సూడరు వొదినా. ఎండ మాత్రం పడతాది."

దేవకమ్మ మొదట శిక్ష వేసినట్టు ముడుచుకుని కూర్చుంది. ఏడేళ్ళుగా సలుపుతున్న మోకాళ్ళ మీద ఎండ పడింది. కాసేపటికి కాళ్ళు చాపింది. ఇంకాసేపటికి చీర పిక్కల దాకా ఎత్తుకుని, చెయ్యి చాపి ఒక దోరజామకాయ కోసుకుంది. భోజనానికి పిలిస్తే విస్తరి అక్కడికే తెమ్మంది. పెరుగన్నం అయ్యాక గురక వినిపించింది.

రెండు గంటలకు జానీ బాషా ఇక తప్పక నిచ్చెన వేశాడు. మొదటి రేకు నీడ దేవకమ్మ మోకాళ్ళ మీద పడగానే ఆమె కళ్ళు తెరిచింది.

"ఎవురప్పా ఎండకు అడ్డమొచ్చింది?"

"నేనేమ్మా, బాషాని. మూసేద్దామని."

"మూసేది నీ నోరు. దించు ఆ రేకు."

ఏకాంబరం పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, మరి ఆ దిష్టి..."

"దిష్టి పడింది నా మీద గదరా. నేను కడుక్కున్నా. నీకేం నొప్పి?"

జానీ బాషా రేకు దించి, మళ్ళీ ఎవరి మనసైనా మారుతుందేమోనని నిచ్చెన కూడా పట్టుకుపోయాడు. మునిలక్ష్మి వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ లేకుండా చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వుకుంది.

దేవకమ్మ మర్నాడు బస్సు ఎక్కలేదు. మోకాళ్ళు కుదుటపడ్డాక పోతానని, ఉగాది దాకా ఎదురు చూడొద్దని తడకు కబురు పంపింది. పదింటికల్లా వంటింటి గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేయించుకునేది, అక్కడైతే మాటలకు కూడా అనువుగా ఉంటుందని.

వదిన కొంచెం పక్కకు జరిగినప్పుడల్లా మునిలక్ష్మి వంటింట్లోకి వెలుతురు చాలా బాగా వచ్చేది.