క్లైవ్ చుట్టిన కాయిల్

ఆదివారం పొద్దున మనవడికి చర్చిలో బాప్తిస్మం. క్లైవ్ రామ్స్‌డెన్ పెందలాడే సూటు తొడుక్కుని, వంటింట్లో టీ ముగించి, వేప్ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. మాడిన గుడ్డ రుచి తగిలింది. లోపల ద్రవాన్ని కాచి ఆవిరి చేసే తీగచుట్ట, అదే కాయిల్, చచ్చిపోయింది.

సిగరెట్లు మానేసి ఈ గొట్టం పట్టి ఇంకా మూడు నెలలు కాలేదు. "మళ్ళీ ముట్టుకున్నావో, మా అక్క ఇంటికి పోతా" అని భార్య మేవిస్ ఖరాఖండిగా చెప్పేసింది. వాళ్ళ ఊరు హడర్స్‌ఫీల్డ్‌లో ఆ కాయిళ్ళ దుకాణం ఆదివారం తెరవరు. ఇలాగే చర్చికి వెళితే, మొదటి పాట ముగిసేలోగా బావమరిది దగ్గర సిగరెట్ అడుక్కోవడం ఖాయమని క్లైవ్‌కు తెలుసు.

"సొంతంగా చుట్టుకునేవాడే మొనగాడు" అంటూ దుకాణదారు అంటగట్టిన తీగ సొరుగులో ఉంది. పింగాణీ మొనల పట్టకారు, మంచి కటింగ్ ప్లేయరు, చుట్టడానికి సన్నని కడ్డీ ఉండి తీరాలని ఫోనులో ఎవరో వీడియో చేసి మరీ చెప్పాడు.

"అన్నీ కొనిపించే వేషాలు," అన్నాడు క్లైవ్. సంసారం ఉన్న ఇంట్లో పనిముట్లకు కరువేమిటి?

మేవిస్ కనుబొమల పట్టకారు దొరికింది. ఆమె గోళ్ళ కత్తెర దొరికింది. తీగ తెగింది, కత్తెరకూ గాటు పడింది. సోఫా మీద సన్నని అల్లిక సూది, దాన్ని పట్టుకుని ఏదో తెల్లటి ఉన్ని. ఉన్నిని విదిలించి సూది లాక్కున్నాడు. తీగ దాని చుట్టూ ముచ్చటగా తిరిగింది. కాయిల్‌ను గొట్టంలో బిగించి, మీట నొక్కి, ఎర్రబడుతుండగానే ఇనప పట్టకారుతో అదిమాడు. చిటపటమని మొనలు నల్లబడ్డాయి. అయినా వెనక్కి తగ్గలేదు. మేవిస్ మేకప్ దూదిని దూర్చి మళ్ళీ నొక్కాడు. దూదిని ముందు ద్రవంలో తడపాలన్న సంగతి, వంటింటి పొగ అలారం కేకలు పెట్టాకగానీ గుర్తు రాలేదు.

తలనిండా జుట్టు చుట్టే రోలర్లతో మేవిస్ మెట్లు దిగి వచ్చింది. క్లైవ్ పనిముట్లన్నీ గబగబా పోగేసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సిగరెట్ తాగావు కదూ?"

"లేదే."

"మరి ఈ పొగ ఎవడి ముక్కులోంచి వచ్చిందయ్యా? జరుగు, చివరి వరసొకటి ముడేస్తే మనవడి శాలువా అయిపోతుంది. తర్వాత చెప్తా నీ సంగతి."

క్లైవ్ ఓరకంట చూశాడు. సోఫా మీద ఆ తెల్లటి ఉన్ని కుట్లు ఒక్కొక్కటే జారుతున్నాయి. తాగలేదని నిరూపించుకోవాలంటే చేతిలోవి చూపించాలి. శాలువా సంగతి బయటపడడం కంటే ఆవిడ అక్క ఇంటికి వెళ్ళడమే నయమనిపించింది.

"తాగాను మేవిస్," అన్నాడు తల దించుకుని.

మేవిస్ అరవలేదు. కుర్చీలో కూలబడింది.

"పోనీలే, నిజం చెప్పావు. నేనూ చెప్పేస్తా. ఇన్నేళ్ళూ షెడ్డు వెనకాల నేనూ ఊదేదాన్నే. నువ్వు మానావని నేనూ మానేశా. ఇవాళ ఒక్క దమ్మయినా లేకుండా ఆ వియ్యపురాలికి టీ పొయ్యాలంటే నా వల్ల కాదు. ఇటివ్వు, నాకూ ఒకటి."

"అయిపోయాయి."

"పీకైనా ఇవ్వు."

"పారేశా."

"చేతులు వెనకెందుకు మరి? కట్టుకున్నదానికి దాస్తావేం, పిసినారీ?" అంటూ చెయ్యి పట్టి లాగింది.

ముందు నల్లటి పట్టకారు కింద పడింది. తర్వాత గోళ్ళ కత్తెర. ఆఖరున ఉన్నిపోగు అంటుకున్న సూది. మేవిస్ దాన్ని చూసి, నెమ్మదిగా సోఫా వైపు తిరిగింది.

చేతిలో ఒక్క సిగరెట్టయినా లేనందుకు క్లైవ్ జీవితంలో అంతగా విచారించిన రోజు మరొకటి లేదు.