ఎగదిగ వచ్చిన రోజు

ఆ ఆదివారం పొద్దున నాలుగో అంతస్తు పదాలాయన ముక్కాలిపీట, జిగురు డబ్బా, కొత్త పలక ఒకటి పట్టుకుని కిందికి బయలుదేరాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన పని పరాయి మాటలకు బదులు సొంత మాటలు తయారుచేయడం. వందల మాటలు పుట్టించాడు. అవి ఫైళ్లలో పుట్టి ఫైళ్లలోనే కన్నుమూశాయి. ఒక్కటంటే ఒక్కటి ఎవరైనా వాడుతుండగా చెవులారా వినాలని ఆయనకు మిగిలిపోయిన ఆశ. అందుకే లిఫ్టు మీది పాత పేరు పీకి 'ఎగదిగ' అని అంటించబోతున్నాడు. పైకి ఎగబాకుతుంది, కిందికి దిగుతుంది, ఇంతకన్నా ఏం కావాలి?

సెక్రటరీని ఒక్కమాట అడగమని భార్య చెప్పింది. మంచిపనికి అడగడమేమిటని ఆయన వినిపించుకోలేదు.

నీళ్ల మోటారు వేసి వచ్చిన వాచ్‌మన్ పలక చూశాడు. ముందురోజే లిఫ్టు కాస్త మూలిగింది కూడా. ఇది దాని జబ్బు పేరై ఉంటుందని తేల్చుకుని, వచ్చినవాళ్లనల్లా మెట్లవైపు మళ్లించాడు.

"లిఫ్టుకి ఎగదిగ వచ్చిందండీ."

అదేమిటని అడిగిన నాథుడు లేడు. తనకొక్కడికే తెలియదేమోనని ఎవరికి వారు తలూపి మెట్లెక్కారు. ఐదో అంతస్తుకు వెళ్లాల్సిన సెక్రటరీ అత్తగారు రెండు సంచులతో మూడో అంతస్తు దాకా వచ్చి అక్కడే కూలబడ్డారు. సెక్రటరీ హడలిపోయి మెకానిక్‌ను పిలిపించాడు. జబ్బు పేరు వినగానే మెకానిక్ మొహం గంభీరమైంది. తెలియదంటే పరువేం కాను?

"ఎగదిగ అయితే మామూలుగా పోదు సార్. మోటారు విప్పాలి."

నిక్షేపంలాంటి లిఫ్టు మధ్యాహ్నానికి ముక్కలుముక్కలైంది.

ఇంట్లో పదాలాయన చెవులు రిక్కించి కూర్చున్నాడు. మెట్ల మీద ఎవరి నోట విన్నా ఎగదిగే. ఆనందం పట్టలేక చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తాడు. మూడో అంతస్తులో సెక్రటరీ అత్తగారు మోకాళ్లు పట్టుకుని దీనంగా చూశారు.

"ఈ ఎగదిగ మనుషులకీ అంటుకుంటుందా నాయనా?"

ఆయనకు అప్పుడు అర్థమైంది. దాచకుండా అందరి ముందూ ఒప్పుకున్నాడు.

"మీ మాటలు మీ ఇంట్లోనే పెట్టుకోండి సార్" అన్నాడు సెక్రటరీ.

పదాలాయన పలక తనే పీకేశాడు. ఇక మాటలు పుట్టించనని ఆ సాయంత్రం భార్యతో చెప్పాడు. ఎప్పుడూ వేళాకోళమాడే ఆవిడకు ఆరోజు ఏడుపొచ్చింది.

నెలలు గడిచాయి. ఒకరోజు ఆయన లిఫ్టు ఎక్కేసరికి లోపల సెక్రటరీ, ఆయన అత్తగారు ఉన్నారు.

"ఈ ఎగ్డిగ్ పుణ్యమా అని నా మోకాళ్లు బతికాయి" అన్నారు అత్తగారు.

పదాలాయన చటక్కున ఆవిడ వైపు తిరిగాడు. పొరుగూరి బట్టలు కట్టినంత మాత్రాన కన్నబిడ్డను తండ్రి పోల్చుకోలేడా? సెక్రటరీ వివరించాడు. అది మూడో అంతస్తు డాక్టరమ్మ వాళ్ల భాష మాటట. ఆవిడ పిల్లల దగ్గర మిగతా పిల్లలు నేర్చారట, ఇప్పుడు వీధంతా అదే అంటోందట.

"ఎంత ముచ్చటైన మాటో చూడండి సార్. మనకిలాంటివి ఎందుకు తట్టవంటారు?"

పదాలాయన తిన్నగా డాక్టరమ్మ తలుపు తట్టాడు. ఆవిడది వేరే భాష, మన అక్షరాలు అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. ఆ ఆదివారం పొద్దున, రాత్రి డ్యూటీ ముగించుకుని, వాచ్‌మన్ కంటే ముందే వచ్చి, పలక కూడబలుక్కుని చదివి, హాయిగా లిఫ్టులో పైకెళ్లి పడుకుందట. నిద్రలేచి పిల్లలకు ఆ మాట నేర్పిందట. వాళ్ల నాలుక తిరిగినట్టు అది ఎగ్డిగ్ అయింది. తమ ఊళ్లో తాతయ్యా వాళ్లు కూడా ఇప్పుడు అదే అంటున్నారని చెప్పి, తప్పేమైనా పలుకుతున్నామా అని భయంభయంగా అడిగింది.

"లేదమ్మా, అంతకన్నా బాగా ఎవరూ పలకలేరు" అన్నాడాయన. కళ్లు చెమర్చాయి.

ఇంటికొచ్చి భార్యకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ సంబరపడి, అంతలోనే నొచ్చుకుంది.

"అది మీ మాటేనని సెక్రటరీకి చెప్పకపోయారా?"

"చెబితే మానేస్తారు."