పడుకోబెట్టి పీకే పన్ను

పిల్లల పంటి వైద్యంలో మత్తుమందును మించిన మహోపకారం లేదు. కాదన్నవాళ్లను ముందు ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి!

ఎంత సుఖమో చూడండి. పిల్ల ఏడవదు. డాక్టరు బుజ్జగించనక్కర్లేదు. తల్లి ఫోను పక్కన పెట్టనక్కర్లేదు. పిల్ల పేరు కూడా ఎవరికీ అక్కర్లేదు, పన్ను నంబరు తెలిస్తే చాలు!

ఆలేరు గాలయ్యకు ఈ జ్ఞానం లేదు. మూడు రోజులుగా దవడ వాచి ఏడుస్తున్న ఆరేళ్ల మనవరాలు అక్షితను తీసుకుని, కోడలు కరుణతో భువనగిరిలో పళ్ల దవాఖానకు వచ్చాడు. రోజుకు పది మాటలైతే ఎక్కువనుకునే మనిషి. మూలన కూర్చున్నాడు. పిల్లను పరగడుపున తీసుకురమ్మని దవాఖాన వాళ్లు ముందురోజే కరుణకు ఫోనులో చెప్పారు.

డాక్టరు హోటల్లో టిఫిన్లు చదివినట్టు చదివాడు.

"పాలపన్ను తీసెయ్యాలి. నవ్వుల గ్యాస్ ఉంది, తాగించే సిరప్ ఉంది, పూర్తిగా పడుకోబెట్టే మత్తు ఉంది. ఏది కావాలమ్మా?"

"ఏది జల్దీ అయితదో గదే కానియ్యుర్రి సార్," అంది కరుణ, ఫోనులోంచి తల ఎత్తకుండా.

"తాతా, నన్నేం చేస్తరు?" అంది అక్షిత, భయంతో ఏడుస్తూ.

డాక్టరు పెన్ను తీసి కరుణ వైపు తిరిగాడు. పడుకోబోయేదానికి వివరాలెందుకు?

"పొద్దున్నుంచి ఏం పెట్టలేదు కదా?"

"సుక్క నీళ్లు గూడ తాపలె సార్."

గాలయ్య తలెత్తాడు. ఆ ఇంట్లో ఎంగిలి పడకుండా ఎవరూ గడప దాటరు. పొద్దున కరుణ తయారవుతుండగా అతని భార్య శ్యామలమ్మ పిల్లకు పెరుగన్నం మెత్తగా పిసికి నాలుగు ముద్దలు పెట్టింది. కోడలికి చెప్పొద్దని అతనికి కళ్లతోనే చెప్పింది.

"ఆగుర్రి! పిల్ల తిన్నది. మీ అత్త బువ్వ పెట్టింది."

"గిప్పుడా మామా చెప్పేది! నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు గిందాక కూసుంటివి!"

డాక్టరు పెన్ను మూశాడు. "కడుపులో తిండి ఉంటే మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ప్రాణానికే ముప్పు. ఎల్లుండి రండి."

చూశారా పాఠకులారా? ఇంత పెద్ద సైన్సును నాలుగు ముద్దల పెరుగన్నం ఆపేసింది! ఇక మనం బాగుపడేదెలా?

పిల్ల దవడ పట్టుకుని మూలిగింది. గాలయ్య లేచాడు.

"పన్ను కాడనే తిమ్మిరెక్కే సూదిచ్చి తియ్యరాదా సార్?"

"తియ్యొచ్చు. చిన్న పనే. కానీ పిల్ల కుదురుగా కూర్చోదు."

"అడిగిన్రా?"

"ఎవరిని?"

"పిల్లను."

ఇక్కడే ఉంది ప్రమాదం! డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పిల్ల పేరు అడిగాడు. చేతికి అద్దమిచ్చి సూది ఎక్కడ వేస్తాడో చూపించాడు. చురుక్కుమంటుందని దాచకుండా చెప్పాడు. చెయ్యెత్తితే ఆగుతానన్నాడు. కరుణ ఫోను సంచిలో పడేసి బిడ్డ చెయ్యి పట్టుకుంది. అక్షిత నోరు తెరిచింది. ఒకసారి చెయ్యెత్తింది. డాక్టరు ఆగాడు. మళ్లీ తెరిచింది.

పడుకోబెట్టే మత్తు లేకుండా కుదరని పిల్లలున్నారు. వాళ్లకు ఇవ్వాల్సిందే, ఎవరు కాదంటారు? కానీ ఈ మాట్లాడే జబ్బు అంటుకుంటే మిగతా పిల్లలందరితో పెద్దలు పది నిమిషాలు గడపాల్సి వస్తుంది. ఎంత ఘోరం!

దూది కరుచుకున్న నోటితోనే అక్షిత తల్లిని అడిగింది.

"గిదంత పొద్దుగాల్నే చెప్తే నేను ఏడ్వకపోదును గదనే?"