కళ్లు మూసిన లైన్ అంపైర్

టీవీలో టెన్నిస్ వస్తుంటే వెంకటనారాయణకు ఇంట్లో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా వినిపించదు. కానీ ఏ దేశంలోనో గీతకు వెంట్రుకవాసి అవతల పడిన బంతి మాత్రం నల్లగండ్లలో తన సోఫాలోంచే కనిపిస్తుంది. "అవుట్!" అని అరుస్తాడు. పేరున్న ఆటగాడు రాకెట్ విరగ్గొడితే చూసీ చూడనట్టు వదిలేసి, పేరులేనివాడు గొణిగినా వార్నింగ్ ఇచ్చే అంపైర్లను చూస్తే అతనికి బీపీ పెరుగుతుంది.

"ఆటన్నాక అందరికీ ఒకటే రూలుండాల. ఏమంటావ్?" అని భార్యను అడుగుతాడు.

"ఉండాల. ముందు ఆ తడి తువ్వాలు సోఫా మీంచి తియ్యండి," అంటుంది భ్రమరాంబ.

ఇద్దరిదీ ప్రొద్దుటూరు. పెళ్లయి పదకొండేళ్లు. అతను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. వారంలో ఐదు రోజులు ఇతరుల తప్పులు పట్టుకోవడమే ఉద్యోగం. ఆ సరదా అక్కడితో తీరక శనాదివారాల్లో లైన్ అంపైర్ శిక్షణ పూర్తిచేశాడు. కోర్టు పక్కన నిలబడి బంతి గీత లోపల పడిందో బయట పడిందో చెప్పే పని అది. పెద్ద టోర్నమెంట్లలో ఇప్పుడు ఆ పని కెమెరాలు చేస్తున్నాయి. చిన్నవాటికి ఇంకా మనుషులే దిక్కు.

ఆర్నెల్లు ఎదురుచూశాక పిలుపొచ్చింది. గచ్చిబౌలిలో ఓ చిన్నపాటి అంతర్జాతీయ మహిళల టోర్నమెంట్. ఆదివారం ఫైనల్లో డ్యూటీ.

చిక్కల్లా ఒకటే. అదే ఆదివారం కూకట్‌పల్లిలో మరదలు లావణ్య గృహప్రవేశం.

నిజం చెబితే భ్రమరాంబ ఒప్పుకునేదేమో. కానీ అడిగే ధైర్యం లేక, శుక్రవారానికి వెంకటనారాయణ అబద్ధమాడే ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఆదివారం ఆఫీసులో రిలీజ్ ఉంది. నేను లేకుంటే సర్వర్లు పడిపోతాయి."

"మీరుంటే లేస్తాయా?"

"నమ్మవా నన్ను?"

"ఎందుకు నమ్మను? డబ్బాలో చిత్రాన్నం పెట్టి పోతా. తిని పోండి."

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకోవడం అనుమానించాల్సిన విషయమే. వెంకటనారాయణ మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం తెల్లవారుజామునే భ్రమరాంబ కూకట్‌పల్లి వెళ్లిపోయింది. అతను మధ్యాహ్నం స్టేడియానికి చేరి, లాప్‌టాప్ బ్యాగులో దాచిన యూనిఫాం తీసి వేసుకున్నాడు. సూపర్‌వైజర్ సాయిచంద్ లైన్ అంపైర్లందరినీ వరసగా నిలబెట్టాడు.

"జర ఇనుండ్రి. ప్లేయర్ మీ మీద ఒర్లినా జవాబియ్యద్దు. మొఖంల కోపం కనబడద్దు, నవ్వు కనబడద్దు."

వెంకటనారాయణకు ఇదేం కొత్తగా అనిపించలేదు. పదకొండేళ్లుగా ఇంట్లో ఇవే రూల్స్.

"బాల్ కనబడకుంటే అబద్ధం చెప్పద్దు. రెండు చేతులు కండ్లకు అడ్డం వెట్టుకోండ్రి. అప్పుడు చైర్ అంపైర్ మేడమే చూసుకుంటది."

ఫైనల్ బోరబండ పిల్ల పింకీకీ, ఆమె కన్నా అడుగు పొడుగున్న కజకిస్తాన్ అమ్మాయికీ. గెలిస్తే పింకీకి ఇదే మొదటి అంతర్జాతీయ టైటిల్. ఎత్తు కుర్చీలో చైర్ అంపైర్, ఆవిడ ముందు మైకు.

రెండు సెట్లూ వెంకటనారాయణ ఒక్క తప్పు చెయ్యలేదు. అతను "అవుట్" అంటే గ్యాలరీలో పావురాలు ఎగిరిపోయాయి. చైర్ అంపైర్ ఒకసారి మెచ్చుకోలుగా తలూపింది కూడా.

ఇద్దరూ చెరో సెట్టు గెలిచారు. మూడో సెట్టు ఐదు-ఐదు. చెమట తుడుచుకుంటూ అతను ఎదురుగా ఉన్న గ్యాలరీ వైపు చూశాడు.

మొదటి వరసలో పట్టుచీర. పక్కన మరో పట్టుచీర. గృహప్రవేశం మొత్తం అక్కడే జరుగుతున్నట్టుంది. మరదలు లావణ్య, తోడల్లుడు కిరణ్, అత్తగారు సరోజమ్మ. మధ్యలో భ్రమరాంబ, చేతిలో లడ్డూ.

ఆమె చూపు బంతితో పాటు అటూ ఇటూ తిరుగుతోంది. ఇంకా తనను చూసినట్టు లేదు. సరిగ్గా అప్పుడే పింకీ కొట్టిన బంతి అతని గీత వైపు దూసుకొచ్చింది. బంతి వెనకే భ్రమరాంబ చూపు కూడా వచ్చేస్తోంది.

వెంకటనారాయణ రెండు చేతులతో మొహం కప్పేసుకున్నాడు.

వేళ్ల సందులోంచి మాత్రం బంతి స్పష్టంగా కనిపించింది. గీతను ఒరుసుకుని పోయింది. నూటికి నూరుపాళ్లు లోపలే.

చైర్ అంపైర్ అతని చేతులు చూసింది. పాపం కనబడలేదు కాబోలనుకుని, తనే "అవుట్" అంది.

"ఏంది మేడం!" పింకీ అరిచింది. "గా బాల్ లైన్ మీద పడ్డది! గా సార్ కండ్లు మూసుకొని నిలవడ్డడు!"

"ఆయనకు కనబడలేదు. నేను చూశాను. అవుట్."

పింకీ జేబులోంచి ఇంకో బంతి తీసి కోపంగా గ్యాలరీ అవతలికి కొట్టింది. చైర్ అంపైర్ మైకులో వార్నింగ్ ఇచ్చింది. ఇంకో తప్పు చేస్తే పాయింటు పోతుంది. అయినా పింకీ నేలకేసి కొట్టడానికి రాకెట్ పైకెత్తింది. కళ్లనిండా నీళ్లు.

సోఫాలో కూర్చుని ఇన్నేళ్లూ తను తిట్టిన అంపైర్లందరూ ఒక్కసారిగా తనవైపే చూస్తున్నట్టనిపించింది వెంకటనారాయణకు.

"ఆగమ్మా!" అంటూ పరుగెత్తాడు. ఎత్తిన రాకెట్ అలాగే ఆగింది. అతను కుర్చీ దగ్గరకెళ్లి రొప్పుతూ చెప్పాడు. "మేడం, నేను చూసినా. బాల్ లోపలే పడింది."

"మరి కళ్లు మూసుకున్నారు కదా?"

"వేళ్ల సందులోంచి చూసినా మేడం."

"ఏం, ఎందుకలా?"

వెంకటనారాయణ వీలైనంత గొంతు తగ్గించాడు. కానీ గొంతుకీ మైకుకీ మధ్య జానెడే దూరం.

"మా ఆవిడ వచ్చిందండీ!"

స్టేడియం నాలుగు మూలలా మోగింది. జనం గొల్లున నవ్వారు. కజకిస్తాన్ అమ్మాయికి తెలుగు ముక్క రాదు. ఎలా అర్థమైందో గానీ, ఆమే అందరికన్నా ముందు నవ్వింది.

చైర్ అంపైర్ మాత్రం నవ్వలేదు. "బంతి లోపలే. అవతలి అమ్మాయికి అందేది కాదు కాబట్టి పాయింటు పింకీది. వార్నింగ్ మాత్రం అలాగే ఉంటుంది."

"తప్పు కాల్ ఇచ్చింది మీరే గద మేడం!" అంది పింకీ.

"కాల్ తప్పు నాది. బంతి కొట్టిన తప్పు నీది."

పింకీ తలూపి, రాకెట్ దించింది. అప్పటికే సాయిచంద్ వచ్చి వెంకటనారాయణ భుజం మీద చెయ్యేశాడు. "నడువుండ్రి సార్. ఇగ మీ జాగాల ఇంకొకరు నిలవడ్తరు."

వెళ్లడానికి వేరే చోటు లేక, అతను గ్యాలరీలో భార్య పక్కనే కూర్చున్నాడు.

"రిలీజ్ అయిందా?" కోర్టు మీంచి చూపు తిప్పకుండా అడిగింది భ్రమరాంబ.

"నన్నే రిలీజ్ చేసినారు." నసిగాడు. "నీకెట్ల తెలిసింది?"

"డ్యూటీ కాగితం ప్రింటు తీసి, ప్రింటర్ మీదనే వదిలిపెట్టినారు. గురువారమే చూసినా. భోజనాలు పన్నెండుకే కానిచ్చి, కిరణ్‌తో పాసులు తెప్పించి అందర్నీ తోలుకొచ్చినా."

"నన్ను పట్టుకోవడానికా?"

"మొదటిసారి కోర్టులో నిలబడతాండారు కదా, చూద్దామని."

వెంకటనారాయణ ఆమె వైపు తిరిగాడు. "అయితే నేను ఆఫీసన్నప్పుడే అడగొచ్చు కదా!"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తారు. ఒకటి చాల్లే అనుకున్నా," అని ఆమె సగం లడ్డూ అతని చేతిలో పెట్టింది.

పింకీ ఏడు-ఐదుతో గెలిచింది. కప్పు పట్టుకుని నేరుగా వాళ్ల దగ్గరికొచ్చింది. "నిజం చెప్పిన్రు అంకుల్, మస్తు థ్యాంక్స్. ఇంకోపారి డ్యూటీ పడితే ఆంటీకి ముందుగాల చెప్పుండ్రి."

ఫొటో కోసం చుట్టాలందరూ పింకీ చుట్టూ చేరారు. వెంకటనారాయణ కూడా జుట్టు సర్దుకుని భార్య పక్కన నిలబడబోయాడు. భ్రమరాంబ తన ఫోను అతని చేతికిచ్చి, కప్పు పక్కన సర్దుకుని నిలబడింది.

"అందరూ లోపలే పడినామా?" అని అడిగింది.

"అందరూ లోపలే," అన్నాడు వెంకటనారాయణ ఫోను ఎత్తిపట్టుకుని. "నేనొక్కడినే అవుట్."